తూ అనే మాట

షాట్ రాలేదు. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టారు, మధ్యాహ్నం రెండు దాటినా రాలేదు.

రావాల్సింది పెద్ద షాటేమీ కాదు. రైల్వే ప్లాట్‌ఫారం సెట్టు. హీరో పెట్టె పట్టుకుని వెళ్ళిపోతుంటాడు. వెనక నుంచి హీరోయిన్ మూడు ముక్కలు అనాలి. "తూ మత్ జా." నువ్వు వెళ్ళకు. అంతే.

ఆ మూడు ముక్కల కోసమే భూమేశ్ ఈ సినిమా రాసుకున్నాడు. మనకు మీరు, నువ్వు అని రెండే మెట్లు. హిందీలో మూడున్నాయి. పైన ఆప్, దాని కింద తుమ్, అన్నిటికన్నా కింద తూ, ప్రాణమైనవాళ్ళనీ అదే అంటారు, లెక్కలేనివాళ్ళనీ అదే అంటారు. భూమేశ్ సినిమాలో ఆ అమ్మాయి మొదట్నించీ హీరోని ఆప్ అనే అంటుంది. రెండు గంటల సేపు ఆప్ అంటుంది. చివరికి ప్లాట్‌ఫారం మీద, మధ్య మెట్టు తొక్కకుండా, ఒక్కసారే తూ అనేస్తుంది. అక్కడ హాల్లో జనం ఊపిరి బిగబట్టాలని భూమేశ్ ఆశ.

హీరోయిన్‌గా వేస్తున్న పిల్ల పేరు మానసి. ఆ మూడు ముక్కలూ ఆమె నోట్లోంచి చచ్చి బయటికొస్తున్నాయి. ఏడుస్తూ చెప్పింది, రాలేదు. మెల్లగా చెప్పింది, రాలేదు. పరుగెత్తుకొచ్చి చెప్పింది, అసలే రాలేదు.

"తూ అనమన్నాను, థూ అనమన్లేదు," అన్నాడు భూమేశ్ మైకులో.

సెట్టు మీద అరవై మంది ఉన్నారు. అందరూ నవ్వారు. మానసి నవ్వలేదు.

మళ్ళీ తీశారు. మళ్ళీ అంతే. భూమేశ్‌కి తల నరాలు తెగిపోయాయి. మైకు దించకుండానే అరిచాడు.

"తూ ఎందుకొచ్చావు ఇక్కడికి? ప్రేమంటే తెలుసా నీకు? పో, పోయి ఆ సబ్బు ప్రకటనలే చేసుకో. ఒళ్ళు రుద్దుకోవడం తప్ప నీకేం చేతకాదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మానసి చెవులకున్న జూకాలు తీసింది. అవి సినిమా వాళ్ళవి. వాటిని తెచ్చి భూమేశ్ కుర్చీలో పెట్టింది. అతని మొహం వైపు చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.

సాయంత్రం నిర్మాత దోషీ సేఠ్ ఫోన్ చేశాడు. ఆయన అరవలేదు.

"సోమవారం ఆ పిల్ల సెట్లో ఉండాలి భూమేశ్. లేకపోతే నువ్వుండవు. సగం సినిమాలో కనపడిన మొహాన్ని నేను మార్చలేను. కెమెరా వెనకున్న మొహాన్ని మార్చొచ్చు. జనానికి తెలీదు."

భూమేశ్ ఫోన్ పెట్టేసి గోడ మీద గుద్దాడు. పదిహేనేళ్ళ కష్టం. ఇది అతని మొదటి సినిమా. మూడు ముక్కలు పలకడం రాని ఒక పిల్ల వల్ల చేయి జారిపోతోంది.

మర్నాడు శుక్రవారం. కోపం తగ్గకుండానే తనకు పని నేర్పిన ఉస్తాద్ ఇంటికి బయల్దేరాడు.

మునవ్వర్ ఉస్తాద్ ఎప్పుడో బారాబంకీ నుంచి బొంబాయి వచ్చిన మనిషి. పద్నాలుగు సినిమాలు తీశాడు. పద్నాలుగూ ప్రేమ సినిమాలే. మొదటి మూడూ పోయాయి. ఒక్క ఫైటన్నా పెట్టండి సాబ్ అని సినిమా కొనేవాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డారు. పెట్టలేదు. నాలుగోది ఆడింది. ఆ తర్వాత పదేళ్ళు ఆయన పేరు చెబితే చాలు, హాళ్ళ ముందు వరసలు కట్టేవాళ్ళు. కాలేజీ పిల్లలు ఆయన సినిమా చూసొచ్చి ఒకళ్ళనొకళ్ళు ఆప్, ఆప్ అనుకుంటూ తిరిగేవాళ్ళట. తర్వాత రోజులు మారాయి. ఆఖరి సినిమా రెండు హాళ్ళలో వారం ఆడింది. ఆయన ఎవర్నీ ఏమీ అనకుండా ఇంట్లో కూర్చున్నాడు.

ఆయన సినిమాల్లో ప్రేమించుకున్నవాళ్ళు ఆప్ దగ్గర మొదలుపెట్టి తుమ్ దాకా దిగుతారు. అక్కడ ఆగిపోతారు. తూ అని ఎవరూ అనరు. ఉస్తాద్ ఆగిన మెట్టు కిందకి నేను దిగి చూపిస్తా అని భూమేశ్‌కి లోపల గర్వం. పైకి ఎప్పుడూ అనలేదు గానీ, ఉంది.

ఉస్తాద్‌కి ఇంకో అలవాటుంది. ఎవర్నయినా ఆప్ అంటాడు. లైట్లు మోసేవాణ్ణి ఆప్ అంటాడు. ఇల్లు తుడిచే మనిషిని ఆప్ అంటాడు. ఇంట్లో ఒక పిల్లి ఉంది. దాన్ని కూడా, "మీరు పాలు తాగారా?" అని అడుగుతాడు.

భూమేశ్ ఆయన దగ్గర పదకొండేళ్ళు పనిచేశాడు. క్లాప్ కొట్టడం దగ్గర్నించి పక్కన కూర్చుని సీను రాయడం దాకా. ఆ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన నోట తుమ్ అనిపించుకోలేదు. తూ సంగతి సరేసరి. అది భూమేశ్‌కి ముల్లులా గుచ్చుకునేది. వాళ్ళ తాత నిజామాబాద్ వైపు నుంచి రాళ్ళపనికొచ్చి బొంబాయిలో కామాటిపురాలో ఉండిపోయాడు. ఆ ఇంట్లో తాతనీ నువ్వే అంటారు, నాయిననీ నువ్వే అంటారు. మీరు అనే మాట గుమ్మం బయటివాళ్ళకి. కరెంటు మీటరు చూసేవాడికి, పోలీసుకి.

భూమేశ్ వెళ్ళేసరికి ఉస్తాద్ నమాజు నుంచి వచ్చి తివాచీ మీద కూర్చున్నాడు. శుక్రవారాలు పాత శిష్యులు వస్తుంటారు. ఆవేళ ముగ్గురున్నారు. ఉస్తాద్ స్వయంగా కప్పుల్లో టీ పోస్తున్నాడు. ఆయన అక్కగారు కిటికీ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆమెను అందరూ ఆపా అంటారు, అక్కా అని. తమ్ముడు ఎంత మన్నించి మాట్లాడతాడో ఆమె అంత దులిపేస్తుంది.

ఉస్తాద్ కేటిల్ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఎవరొచ్చినా లేస్తాడు.

"రండి భూమేశ్ సాబ్. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు ఉస్తాద్. మీరు దోషీ సేఠ్‌కి ఒక్క ఫోన్ చెయ్యాలి."

"కూర్చుని చెప్పండి. ఫోన్ ఎక్కడికీ పోదు."

భూమేశ్ కూర్చున్నాడు. మొత్తం చెప్పాడు. చెబుతుంటే నిన్నటి కోపం మళ్ళీ నెత్తికెక్కింది. పిల్లకి నటన రాదన్నాడు. పొగరన్నాడు. సేఠ్‌కి నమ్మకం లేదన్నాడు. మీరు ఒక్క మాట చెబితే ఆయన వింటాడన్నాడు.

ఉస్తాద్ టీ కప్పు అతని ముందుకి జరిపాడు.

"ఆ అమ్మాయి ఏమన్నది?"

"ఏమీ అన్లేదు. పోయింది."

"మీరేమన్నారు?"

భూమేశ్ చెప్పాడు. సబ్బు మాట కూడా చెప్పాడు, కాస్త మింగి.

"తూ అని అన్నారా?"

"అన్నాను. మొదటి రోజు నుంచీ అంటున్నాను. దాన్లో ఏముంది ఉస్తాద్? మా అమ్మను తూ అంటాను. మా తాతను తూ అన్నాను. మా ఇళ్ళల్లో అదే మాట."

"మీ అమ్మను కూడా పోయి సబ్బు రుద్దుకోమంటావా రా?" అంది ఆపా, చేటలోంచి తలెత్తకుండా.

ఒక శిష్యుడు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"హీరోని ఏమంటారు?" అని అడిగాడు ఉస్తాద్.

భూమేశ్ టీ కప్పు వైపు చూశాడు. హీరో పెద్దింటి కుర్రాడు. తాత నుంచీ సినిమాల్లో ఉన్నవాళ్ళు.

"చెప్పండి భూమేశ్ సాబ్. వివాన్ బాబును తూ అంటారా?"

"ఆప్ అంటాను."

"ఊఁ," అన్నాడు ఉస్తాద్. కేటిల్ తీసుకుని పక్కవాళ్ళ కప్పులో పోయబోయాడు.

ఆ ఊఁ భూమేశ్‌కి ఎక్కడో తగిలింది. దొరికిపోయిన మనిషికి వచ్చే కోపం చాలా చెడ్డది. అది ఎదటివాడి మీదకే పోతుంది.

"నన్ను అడుగుతున్నారా మీరు? నన్నా?" అన్నాడు. గొంతు పెరిగింది. "పదకొండేళ్ళు మీ చెప్పుల పక్కన కూర్చున్నాను. మీకు జ్వరమొస్తే మీ మంచం పక్కన పడుకున్నాను. నన్ను ఒక్కనాడు దగ్గరికి తీశారా? ఆప్, ఆప్, ఆప్. ఆ పిల్లీ నేనూ మీకు ఒకటే. మా ఇంట్లో మీరు అనేది దారినపోయేవాణ్ణి. మీకు నేను దారినపోయేవాణ్ణే ఉస్తాద్. ఇవాళ ఎవరో పిల్లను తూ అన్నానని నాకు నీతులు చెబుతున్నారు. మీకు ఆ మాట నోరు తిరగదు. ప్రేమ సినిమాలు పద్నాలుగు తీశారు గానీ, మీకు ఆ మాట రాదు."

చేటలో ఆపా చేతులు ఆగిపోయాయి.

ఉస్తాద్ కేటిల్ కింద పెట్టాడు. మూత సరిగా పెట్టాడు. అప్పుడు భూమేశ్ మొహంలోకి చూశాడు. ఆ కళ్ళు భూమేశ్ ఎప్పుడూ చూడనివి.

"తూ లే," అన్నాడు.

భూమేశ్‌కి అర్థం కాలేదు.

"నిన్నే. నా తివాచీ మీంచి లే. తూ ఎవడివిరా నా ఇంట్లో గొంతు లేపడానికి? చెప్పులేసుకో. బయట నిలబడు."

పెద్దగా అనలేదు. ఎప్పటి గొంతుతోనే అన్నాడు. ముగ్గురు శిష్యులూ చూపులు నేల మీదకు దించేశారు. వాళ్ళలో ఇద్దరు భూమేశ్ కన్నా చిన్నవాళ్ళు. భూమేశ్ అన్నా అని పిలిచేవాళ్ళు.

భూమేశ్ లేచాడు. ఎలా లేచాడో తెలీదు. చెవులు కాలిపోతున్నాయి. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతే ఎడమది కుడికాలికి పోయింది. అది సరిచేసుకునేటంతసేపు అందరూ తన వీపు చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. ఆ కాసేపు ఎంతసేపో.

బయట మెట్ల మీద కూర్చున్నాడు. వెళ్ళిపోదామనుకున్నాడు. వెళ్ళలేదు.

ఆ మాట కోసం పదకొండేళ్ళు ఎదురుచూశాడు. ఏ పండగ రోజో, ఏ షాటు బాగా వచ్చిన రోజో, ఉస్తాద్ భుజం మీద చెయ్యేసి అంటాడని. ఎలా అంటాడో, ఆ గొంతు ఎలా ఉంటుందో కూడా అనుకుని పెట్టుకున్నాడు. ఇవాళ వచ్చింది. ముగ్గురి ముందు వచ్చింది.

లోపల ముగ్గురే ఉన్నారు. సెట్టు మీద అరవై మంది.

కాసేపటికి ఆపా గొంతు వినిపించింది. "చాల్లే, వాణ్ణి లోపలికి పిలు. పొద్దుట్నించీ తినుండడు, మొహం చూస్తే తెలియడంలా."

ఉస్తాద్ గుమ్మంలోకి వచ్చాడు. కోపం ఆయనకీ ఇంకా పోలేదు. కానీ మాట మళ్ళీ ఎప్పటి మాటే.

"భూమేశ్ సాబ్. మీ టీ చల్లారిపోయింది. వేరే పోస్తాను, రండి."

భూమేశ్ లేవలేదు. కింది మెట్టు చూస్తూ అన్నాడు. "ఎన్నటికైనా ఆ మాట అంటారని అనుకున్నాను ఉస్తాద్."

"తెలుసు."

"మరి ఎందుకు అన్లేదు?"

"దాచాను," అన్నాడు ఉస్తాద్. "మంచిచోట వాడదామని. ఇవాళ దాన్ని ఇక్కడ వాడించారు మీరు."

లోపలికి వెళ్ళిపోయాడు. ఫోన్ సంగతి ఆయనా ఎత్తలేదు, భూమేశూ ఎత్తలేదు.

శనివారం పొద్దున భూమేశ్ లాల్‌బాగ్‌లో మానసి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. పొడుగాటి వరండా, ఒకే వరసలో గదులు. మానసి గుమ్మం ముందు బట్టలు ఆరేస్తోంది. అతన్ని చూసి చీర దులపడం ఆపలేదు. నీళ్ళు అతని చొక్కా మీద పడ్డాయి.

"మానసి గారూ," అన్నాడు. నోటికి కొత్తగా ఉంది.

ఆమె నవ్వింది. మంచి నవ్వు కాదు.

"ఇవాళ ఆప్‌నా నేను? సేఠ్ పంపాడా?"

"సేఠ్ పంపలేదు. తప్పయింది నాది."

"ఎవరి ముందన్నారు సార్ ఆ మాటలు?"

"అందరి ముందు."

"ఇక్కడ మా అమ్మ ఒక్కతే ఉంది. ఆమెకి చెవులు వినపడవు."

భూమేశ్ తల ఊపాడు. మానసి చీర తీగ మీద వేసి, రెండు క్లిప్పులు పెట్టి, అప్పుడు ఇటు తిరిగింది.

"మొదటి రోజు మీరు తూ అంటే సంతోషపడ్డాను తెలుసా? మా ఇంట్లో కూడా అదే మాట. మా అమ్మను నేను అదే అంటాను. ఇంటిమనిషిలా చూస్తున్నాడు అనుకున్నాను. రెండో రోజుకి తెలిసింది, మీరు ఆ మాట ఎవరెవర్ని అంటారో. నన్నూ, ట్రాలీ తోసేవాళ్ళనీ. వివాన్ వస్తే మీ గొంతే వేరు. ఇప్పుడు ఆ మాట వినపడితే నా వీపు బిగుసుకుంటుంది. దాన్నే ప్రేమగా అనమంటారు. ఎక్కణ్ణించి తేవాలి సార్?"

ఆమె బకెట్లోంచి ఇంకో బట్ట తీసి పిండింది.

"సోమవారం వస్తారా?" అని అడిగాడు. "మీరు రాకపోతే నన్ను తీసేస్తారు. అది కూడా దాచకుండా చెబుతున్నాను."

"వస్తాను. మీకోసం కాదు. సగం సినిమా నేను చేశాను, అది నాది. కానీ ఆ మాట వస్తుందని మాత్రం మాటివ్వను."

సోమవారం వచ్చింది. అందరూ ఉన్నారు. దోషీ సేఠ్ కూడా వచ్చి ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భూమేశ్ మైకు తీసుకున్నాడు.

"గురువారం నేను మానసి గారిని నానా మాటలూ అన్నాను. ఈ మైకులోనే అన్నాను. తప్పు. ఆమె పని ఆమెకి వచ్చు. నా నోరే బాగాలేదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. భూమేశ్ అటు తిరగలేదు. నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత ట్రాలీ తోసేవాళ్ళ వైపు తిరిగి, "మీరు రెడీనా?" అని అడిగాడు. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, రెడీ అన్నారు.

మానసికి ఎలా చెయ్యాలో ఏమీ చెప్పలేదు. "మీ ఇష్టం," అన్నాడంతే.

కెమెరా తిరిగింది. వివాన్ పెట్టె పట్టుకుని నడిచాడు. మానసి పరుగెత్తలేదు. ఏడవలేదు. స్తంభం పక్కన నిలబడిపోయింది. దవడ బిగించి ఉంది. కళ్ళల్లో నీళ్ళు కాదు, మంట. నాలుగు రోజుల మంట, అంతకు ముందుది కూడా. ఒకడు ఇంత దగ్గరికొచ్చి, ఇంత మన్నించి, ఇప్పుడు పెట్టె పట్టుకుని పోతున్నాడన్న కోపం.

"ఆప్ మత్ జాయియే," అంది.

మీరు వెళ్ళకండి.

గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ ఆప్ అనడంలో, ఇంతకాలం నేను మిమ్మల్ని నిలబెట్టిన చోటు అది, అక్కణ్ణించి మిమ్మల్ని దిగనివ్వను అన్నట్టుంది. వివాన్ ఇంకా నాలుగడుగులు వెళ్ళాలి. వెళ్ళలేకపోయాడు. ఆగాల్సిన చోటని గీసిన గీతకి ముందే ఆగి, వెనక్కి తిరిగిపోయాడు. అది అతనికి ఎవరూ చెప్పలేదు.

మూల కూర్చున్న సేఠ్ కుర్చీలోంచి లేచాడు. భూమేశ్ చాలాసేపు కట్ చెప్పలేదు.

చెప్పాక, మాటలు చూసుకునే సహాయకుడు కాగితాలు పట్టుకుని గబగబా వచ్చాడు. వేలు పెట్టి ఆ వరస చూపించాడు.

"సార్, తప్పు చెప్పేశారు. ఇక్కడ తూ కదా ఉండాలి. అంతా దానికోసమే కదా. ఇంకొక్కసారి తీద్దామా?"

"వద్దండీ," అన్నాడు భూమేశ్. "ఆ మాట మన దగ్గర అయిపోయింది."